కార్బొరేటర్‌లో తీగ

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి ఇవ్వాలని మన హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. కవితలు రాయడం నాకు చేతకాదు. వార్డెన్ సార్ల గురించి, నీళ్ళ సాంబారు గురించి, పొద్దున్నే బాత్‌రూముల ముందు బకెట్ల లైను గురించి చాలామంది ఇదివరకే రాశారు. అందుకని నేను ఒక ఆటో గురించి రాస్తున్నాను. ఆటోకు, హాస్టల్‌కు ఏం సంబంధం అని నవ్వకండి, చదివితే తెలుస్తుంది.

మా నాయినకు పాత బజాజ్ ట్రాలీ ఆటో ఒకటి ఉండేది. పెట్రోలు బండి, టూ స్ట్రోక్, ఇంజన్ సుమారు 145 సీసీ. కిక్ లేదు, సెల్ఫ్ లేదు. సీటు పక్కన కింది నుంచి ఉన్న లివర్‌ను చేత్తో పైకి గుంజితే చాలవుతుంది. ఉప్పల్ భగాయత్ వైపు మూసీ ఒడ్డున ఆ రోజుల్లో పచ్చిగడ్డి బాగా పండించేవారు. ఆ నీళ్ళకు గడ్డి ఏపుగా పెరిగేది. నాయిన తెల్లవారుజామున మూడున్నరకే పోయి, గడ్డి మోపులు ఎక్కించుకుని, రామంతాపూర్, నాచారం వైపు తబేలాలకు వేసి వచ్చేవాడు. పొలాల్లో రోడ్డు ఎక్కడిది? ఒడ్ల మీద, బురదలో, కాలువ గండ్లలో నుంచే బండి పోవాలి. జీపు పోవాల్సిన చోటుకు మూడు చక్రాల బండి పోయేది. వెనక చక్రాలు కూరుకుంటే అమ్మ దిగి తోసేది.

2004 జనవరి. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చిలుకానగర్‌లో మా ఇల్లంటే ఒక్కటే గది. అక్కడ చదువుకునే జాగా లేకనే నన్ను హాస్టల్లో వేశారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చేసరికి బండి సతాయిస్తున్నది. చాలవుతుంది, నిలబడ్డచోట బాగానే ఆడుతుంది. లోడు వేసి పొలం నుంచి రోడ్డు మీదికి ఎక్కించబోతే మాత్రం గుటుక్ గుటుక్ అని ఆగిపోతుంది. చోక్ లాగితే కొంచెం దూరం పోతుంది, మళ్ళీ అదే కథ. రెండు రోజులు గడ్డి ఎండలో వాడిపోయింది. వాడిన గడ్డి మాకొద్దని ఒక తబేలా ఆయన ఇంకో బండిని మాట్లాడుకున్నాడు. ఆ రాత్రి అమ్మ, నాయిన మెల్లగా మాట్లాడుకోవడం నాకు వినపడింది. ఇట్లనే ఉంటే పోరన్ని నాచారం కంపెనీల పనికి పంపుడే అని. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

తెల్లారి నాయిన బయటికి పోగానే కార్బొరేటర్ ఇప్పాను. ఉస్తాద్ ఇప్పుతుంటే ఎన్నోసార్లు చూశాను కదా, అదేం పెద్ద పని అనుకున్నాను. పెట్రోలు ట్యాప్ బంద్ చేసి, కేబుల్ ఊడదీసి, కింది గిన్నె తెరిచాను. అడుగున ఎర్రటి తుప్పు, సన్న మట్టి. మధ్యలో ఇత్తడి జెట్ ఉంటుంది, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. దాని మధ్య రంధ్రంలో నుంచి చూస్తే వెలుతురు కనపడలేదు. నోటితో ఊదాను, పోలేదు. దడి కట్టిన ఇనుప తీగ ముక్క తెచ్చి పొడిచాను. మొదట ఇరుక్కుంది. తిప్పి తిప్పి తోశాను. అవతలికి వచ్చింది. వెలుతురు కనపడింది. నేను చాలా సంతోషపడ్డాను, ఈ మాట దాచను.

బండి చాలైంది, లోడుతో రోడ్డు కూడా ఎక్కింది. నాయిన ఏమీ అడగలేదు, కచరా దానంతట అదే పోయింది అనుకున్నాడు. నేనూ చెప్పలేదు. మూడో రోజుకు వెనక నుంచి నల్లటి పొగ. టూ స్ట్రోక్ బండికి ఎట్లాగూ పొగ ఉంటుంది, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతాం కనుక నీలంగా, తెల్లగా వస్తుంది. ఇది అది కాదు. ప్లగ్ తీస్తే మసి, తడి. పెట్రోలు నీళ్ళలా తాగుతున్నది. సంపాదన మొత్తం బంకులోనే పోతున్నది.

నాయిన ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఉండే ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాడు. ఉస్తాద్‌ను నేను చాచా అనేవాణ్ణి. ఆయన చూసి, ఫ్లోట్ కింద నీడిల్ అరిగింది, పెట్రోలు ఆగకుండా గిన్నె నిండుతున్నది అని నీడిల్ మార్చాడు. నిజంగానే అది అరిగి ఉంది. కానీ పొగ తగ్గలేదు. తెల్లారి నాయిన మళ్ళీ పోయి గొడవ పెట్టుకున్నాడు. "పైసలు తీసుకుంటివి, బండి గట్లనే ఉన్నది. గిదేం పనే ఉస్తాద్? ఇన్నేండ్ల దోస్తానికి గిదేనా?" అన్నాడు. చాచా ఏమీ అనలేదు. నీడిల్ పైసలు గల్లాలో నుంచి తీసి బానెట్ మీద పెట్టాడు. నాయిన తీసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ సాయంత్రం సెలవులు అయిపోయి హాస్టల్‌కు వచ్చాను. వార్డెన్ సార్ రిజిస్టర్‌లో సంతకం పెడుతుంటే చేతికి ఇంకా పెట్రోలు వాసన. రాత్రి స్టడీ అవర్‌లో మా రూమ్మేట్ బెర్నౌలీ సిద్ధాంతం గట్టిగా బట్టీ పడుతున్నాడు. ప్రవాహి వేగం పెరిగిన చోట పీడనం తగ్గును. ఈ వాక్యం నేను కూడా పదిసార్లు రాసి ఉంటాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రాత్రి మాత్రం గిన్నె, జెట్, గొట్టం కళ్ళముందు కనపడ్డాయి. ఇంజన్ గాలిని పీలుస్తుంది. కార్బొరేటర్ గొట్టం మధ్యలో సన్నబడుతుంది కనుక అక్కడ గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. గిన్నెలో పెట్రోలు మీద బయటి పీడనం ఎక్కువ. ఆ తేడాకు పెట్రోలు జెట్‌లో నుంచి పైకి లేచి తుంపరలుగా గాలిలో కలుస్తుంది. ఎంత లేవాలో నిర్ణయించేది ఆ రంధ్రం సైజే. కంపెనీ వాళ్ళు దాన్ని కొలిచి, తోలిచి, దాని మీద అంకె కొట్టి ఇస్తారు. ఇత్తడి మెత్తన. ఇనుప తీగతో నేను దాన్ని పెద్దది చేశాను. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ, అందుకే నల్ల పొగ. డేనియల్ బెర్నౌలీ 1738లో పుస్తకం అచ్చు వేశాడని టెక్స్ట్ బుక్కులో ఉంది. నాకు 2004లో అర్థమైంది, అదీ తప్పు చేశాక.

రాత్రంతా నిద్ర రాలేదు. పొద్దున టిఫిన్ లైను వదిలేసి నడుచుకుంటూ రింగ్ రోడ్డుకు పోయాను. చాచా అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు.

"చాచా, జెట్‌ల తీగ పెట్టింది నేనే" అన్నాను.

ఆయన నన్ను చూసి, "నాకెరుకనే బేటా" అన్నాడు. "జెట్ మీద గీతలున్నయ్. మీ నాయిన గట్ల పొడవడు. ఇంక ఇంట్ల ఉన్నదెవరు?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ నాయిన ముందట నిన్నెట్ల చెప్త? ఇయ్యాల కాకుంటే రేపన్న వస్తవనుకున్న."

నా దగ్గర కాస్మెటిక్ చార్జీల్లో మిగిలిన డబ్బులున్నాయి. సబ్బు, కటింగ్ మానేసి దాచుకున్నవి. కొత్త జెట్‌కు అవి సరిపోయాయి. అంతకు ముందు ఒక స్పేర్ పార్ట్స్ షాపులో ఏకంగా కార్బొరేటరే మార్చాలని ఏడెనిమిది వందలు చెప్పారు. అవసరం లేని పని అది. బాడీ వంగకుండా, స్లైడ్ అరగకుండా ఉంటే పాత కార్బొరేటర్‌కు కావలసింది శుభ్రం, సరైన జెట్, సరైన నీడిల్. ఇప్పటికీ పాత బండి నడిపే మిత్రులెవరైనా ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి, డూప్లికేట్ కొత్తదాని కంటే అసలు పాతదే నయం.

మధ్యాహ్నం చాచా నాయినను పిలిపించి బండి తెప్పించాడు. నేను కాలేజీలో ఉన్నాను కనుక అది చూడలేదు. తర్వాత ఆదివారం పోతే చాచానే చెప్పాడు. కొత్త జెట్ వేసి, గాలి స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఇంజన్ వేడెక్కాక చెవితో విని సరిచేశాడట. అది చేస్తే సరిపోదు. తుప్పు ట్యాంకులో నుంచే వస్తున్నది కదా, ట్యాంకు ఇప్పి కడిగి, పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ప్లగ్ తీసి చూస్తే ఇటుక రంగు. అట్లా ఉంటే మిశ్రమం సరిగ్గా ఉందని అర్థం. నాయినతో మాత్రం, "నీడిల్ తోని కాలే, జెట్ పాతదైంది, నేనే చూస్కోలే" అన్నాడట. తప్పు తన మీద వేసుకున్నాడు. నాయిన చాయ్ తాగించి, తీసుకున్న నీడిల్ పైసలు తిరిగి ఇచ్చాడట.

తబేలా ఆయన మళ్ళీ మా గడ్డికి రాలేదు. నాచారంలో వేరే తబేలా దొరికేదాకా నెల పట్టింది. ఆ నెల నాయిన అప్పు చేశాడు. నన్ను మాత్రం కంపెనీకి పంపలేదు. మార్చిలో పరీక్షలు రాశాను.

బండి 2009లో తుక్కుకు పోయింది. గడ్డి పెరిగిన భగాయత్‌లో ప్లాట్లు పడ్డాయి, 2019లో వాటిని వేలం వేశారు. ఉప్పల్‌లో 2017 నుంచి మెట్రో నడుస్తున్నది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త పెట్రోలు బళ్ళలో కార్బొరేటర్ దాదాపు కనపడదు, పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. చాచా దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. చాచా కూడా ఇప్పుడు లేడు.

నాయినకు ఈ సంగతి నేను ఇంతవరకు చెప్పలేదు. ఉస్తాద్ పేరు వచ్చినప్పుడల్లా, "ఒక్కపారి జెట్ కాడ ఎటమటమైండు గని, మంచి పనోడు" అంటాడు. ఆయనకు చదువు రాదు. ఈ సంచిక ఇంటికి వస్తే చెల్లెలు చదివి వినిపిస్తుంది.