మా అత్తగారి ముగ్గుల పుస్తకము

పుస్తకమనిన చదువుకొనుటకు మాత్రమే యని సామాన్యముగా తలచుచుందుము. కాని కాగితము నేరుకొనుట మొదలు బొమ్మలు వేయుట, కుట్టుట, అట్ట కట్టుటవరకు సమస్తమును కళాకారులే తమ భావమునకు తగినట్లు చేసికొను పుస్తకములును కలవు. పటమువలె అవి గోడకు వ్రేలాడవు. చేతిలోనికి తీసికొని పుట త్రిప్పినగాని వాని సంగతి తెలియదు. ఈ పనిలో స్త్రీల చేయి బహుకాలమునుండి కలదు.

ఇంగ్లండులో విలియం బ్లేకు అను కవి 1789లో తన గేయములను, బొమ్మలను రాగిరేకులపై కలిపి దిద్ది, తానే అచ్చొత్తి, రంగులు వేసి పుస్తకముగా చేసెను. ఆయన భార్య కాథరిను 1782లో వివాహ సమయమున చేవ్రాలునకు మారు గీటుగుర్తు పెట్టినది. పిదప భర్తయొద్ద చదువు నేర్చి, అచ్చుపనిలోను, రంగులు వేయుటలోను ఆయనకు కుడిభుజ మయ్యెను. 1809లో బ్లేకు తన అన్నగారి యింట 16 చిత్రములను ప్రదర్శించినప్పుడు చూడవచ్చినవారు కొద్దిమందియే. పత్రికలో వచ్చిన విమర్శయు నిందయే. ఆ దంపతుల చేతి పుస్తకములు నేడు గొప్ప గ్రంథాలయములలో నిధులవలె భద్రపరుపబడుచున్నవి.

అన్నా ఆట్కిన్సు అను మరియొక ఆంగ్లస్త్రీ 1843 మొదలు పదియేండ్లు సముద్రపు నాచుల పుస్తకమును భాగములుగా తయారుచేసెను. ఇనుప లవణములు కలిసిన ద్రావకమును కాగితమునకు పూసి, చీకటిలో ఆరబెట్టి, దానిపై నాచును పరచి ఎండలో నుంచి, నీట కడుగగా, ఎండ తగిలినచోట నీలము, నాచు కప్పినచోట తెలుపు నిలుచును. ఛాయాచిత్రములతో కూడిన పుస్తకములలో నిదియే మొదటిదని చెప్పుదురు. ఆమె తన పేరునకు రెండు పొడి అక్షరములు మాత్రమే వేసికొనగా, తరువాతి కాలమున వానికి ‘పేరు తెలియని అభిరుచిపరుడు’ అని యర్థము చెప్పుకొనుటయు కలిగెను!

ఆ నీలి పుటల ప్రతిరూపములను చూచినప్పుడు తోడికోడండ్రమైన మా యిరువురకును మా అత్తగారి ముగ్గులు జ్ఞప్తికి వచ్చినవి. చేయి వణకుటచే ఆమె కొన్నియేండ్లుగా వాకిట ముగ్గు పెట్టజాలకున్నారు. 15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చువరకు - ఇట్టి లెక్కలన్నియు ఆమె నోటనే యున్నవి. అవి ఆమెతో పోరాదని మా పట్టుదల. ఆమె చెప్పుచుండగా నీలి కాగితముపై తెల్లని చుక్కలను మాత్రము పెట్టి, దాని కెదురుగా అవతలిది కనిపించునంత పలుచని కాగితముపై గీతలు వేసితిమి. పలుచని పుటను చుక్కలపై వాల్చినప్పుడే ముగ్గు పూర్తియగును. ఇట్లు 24 ముగ్గులు. పురుగు పట్టకుండ మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తము కలిపి, అట్టలకు ఆమె పాత నేతచీర చెరగు నంటించితిమి. రెండు ప్రతులు చేసి ఒకదానిని ఇంట నుంచితిమి.

రెండవదానిని కళాప్రదర్శనమునకు పంపుద మనుకొంటిమి. ఇట్టిచోట్ల తరచుగా ప్రవేశరుసుముతోపాటు ఛాయాచిత్రములను పంపవలసియుండును. పరీక్షకులు వానిని చూచియే యెన్నుకొందురు. త్రిప్పిననే తెలియు వస్తువును త్రిప్పకయే తూచుట యన్నమాట. మొదటిచోటునుండి ‘ఎన్నిక కాలేదు’ అని రెండు పంక్తుల జాబు వచ్చినది. కారణము చెప్పలేదు. మాకు మనసు కష్టపడినది. కాని 1863లో పారిసు ప్రదర్శనమున పరీక్షకులు వేలకొలది కృతులను త్రోసివేయగా, చక్రవర్తి వానిని వేరుగా చూపుడని యాజ్ఞాపించెననియు, జనులు నవ్విన యా చిత్రములలో నేడు జగత్ప్రసిద్ధుడైన ఎడువార్ మానే చిత్రమును కలదనియు చదివి ధైర్యము తెచ్చుకొంటిమి.

మరుసటి యేట వేరొక ప్రదర్శనమునకు మూసిన పుస్తకము, చుక్కల పుట, సగము వాలిన గీతల పుట, పూర్తియైన ముగ్గు అను వరుసలో చిత్రములు పంపితిమి. కొలత తెలియుటకు అత్తగారి చేతిని ప్రక్కన నుంచితిమి. పుస్తక మెన్నికయైనది. కాని దానిని అద్దపు పెట్టెలో ఒకేచోట తెరచి యుంచుదుమని వ్రాసిరి. ఆ మాట విని అత్తగారు, “త్రొక్కని ముగ్గు, త్రిప్పని పుస్తకము ఎవరికొరకమ్మా?” అనిరి. మే మామాటనే ప్రదర్శకులకు వ్రాసితిమి. ప్రతి యుదయము ఒక పుట త్రిప్పుటకు వారంగీకరించిరి. నేడు చుక్కలు చూచినవారు రేపు వచ్చి ముగ్గు చూచిరి. ఆ దినములలో అత్తగారు ఉదయమున లేచినతోడనే, “ఈ పూట ఏ ముగ్గు?” అని యడుగుచుండిరి.

సోదరీమణులారా! మీ యిండ్లలోను పెద్దల నోట ఇట్టివి యెన్నియో యుండును. వారుండగనే పుస్తకము చేయుడు. ప్రదర్శనమునకు పంపదలచినచో నిబంధనలన్నియు చదివి, చూడవచ్చినవారిని పుట త్రిప్పనిత్తురా యని ముందుగా నడుగుడు. ఒక్కటే ప్రతి యున్నచో ఇల్లు దాటింపకుడు. పరీక్షకుల తీర్పు ఆ యేటి ప్రదర్శనమునకే గాని మీ పనికంతకు కాదు. ఇంట నున్న ప్రతి యంచులు ఇప్పటికే నలిగినవి. ధనుర్మాసమున మా పిల్లలు దానిని చూచుకొని వాకిట ముగ్గులు పెట్టుచున్నారు. లెక్క తప్పినచో అత్తగారు అరుగుమీదనుండి దిద్దుచున్నారు.