పసుపు గుర్తు డబ్బా

ఈసారి పోస్టు జర పొడుగైతది, ఓపికతో చదవండి.

మొన్న మా ఊర్లె ఒక కంపెనీ రైతు సదస్సు పెట్టింది. టోపీలు ఇచ్చిండ్రు, భోజనం పెట్టిండ్రు. ఫ్లెక్సీ మీద తెల్ల చొక్కా రైతు పత్తి చేన్ల నిలబడి నవ్వుతుండు. చేతులకు గ్లౌజుల్లేవు, మూతికి గుడ్డ లేదు. నాకు మా తమ్ముని సంగతి యాదికొచ్చింది.

నాలుగేండ్ల కింద పత్తికి పురుగొస్తే ఇద్దరం తైవాన్ పంపులతో మందు కొట్టినం. డబ్బా మీద పసుపు గుర్తు. ఎరుపు అయితేనే డేంజర్, ఇది మామూలుదే అని ఇట్లాంటి మీటింగులనే విన్న, తమ్మునికి నేనే చెప్పిన. మధ్యాహ్నానికి వాడు గట్టు మీద కూలబడ్డడు, నోట్లె నురుగు. హాస్పిటల్ల డాక్టర్ మొదలు అడిగింది ఒకటే: "ఏం మందు? డబ్బా తెచ్చిండ్రా?" తేలేదు. ఊరికి వచ్చి బాయి కాడ వెతికి తీసుకపోయేసరికి రెండు గంటలు పోయినయ్. బతికిండు. ఆ తప్పుల సగం నాది.

అప్పటి నుంచి లేబులు చదువుతున్న. ఎరుపు అతి తీవ్రమైన విషం, పసుపు కూడా తీవ్రమైన విషమే, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. పచ్చ అంటే విషం లేదని కాదు. పుర్రె బొమ్మ ఎరుపు డబ్బా మీదనే ఉంటది, పసుపు మీద విషం అని అక్షరాలే. బొమ్మ లేదు కదా అని మనకు ధైర్యం. విరుగుడు ఏందో కూడా లోపలి కాగితంల ఉంటది.

అసలు మనం పిలిచే పేరే మందు. జరమొస్తే మందు, పురుగొస్తే మందు. 1997-98ల లద్దె పురుగు మీద ఎన్నిసార్లు కొట్టినా చావలే, ఆ మందే తాగి మన వరంగల్‌ల ఎంతమంది పోయిండ్రో మీకు చెప్పాల్నా? 2013ల బీహార్‌ల మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిండ్రు, వంటనూనెల మోనోక్రోటోఫాస్ కలిసింది. మన ఇండ్లల్ల ఖాళీ డబ్బాలు కడిగి వాడుకునేటోళ్లు లేరా?

కంపెనీ అబద్ధం చెప్పిందని నేను అనను. గ్లౌజులు, మాస్కు, గాలికి ఎదురు కొట్టొద్దు, అన్నీ కాగితంల ఉన్నయ్. కాకపోతే చీమ తలకాయంత అక్షరాలు. ఫ్లెక్సీ మీద నవ్వేమో గోడంత. రేపు ఏమన్న అయితే "రాసినం కదా" అంటరు.

మీటింగుల లేచి ఆ కాగితం చదివి వినిపించమన్న. కంపెనీ పిలగాడు కండ్లకు దగ్గర పెట్టుకున్నడు, ఫోన్ లైటు వేసిండు, రెండు లైన్లు చదివి ఆగిండు.

"కాకా, అన్నం తిన్నాక మాట్లాడుదం" అన్నడు.