కుందేలు ఉన్ని, కులూ ఓపిక

మనాలీలో హిడింబ గుడికి వెళ్లే దారి పొడవునా, దేవదారు చెట్ల కింద, ఉన్ని పట్టూలు చుట్టుకున్న ఆడవాళ్లు నిలబడి ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్లటి దూది బంతి. దగ్గరికి వెళ్తే దానికి చెవులు కనిపిస్తాయి, ఆ తర్వాత ఎర్రటి కళ్లు. 1553లో కట్టిన ఈ కొయ్య గుడి భీముడి భార్యది. కానీ ఆమె కన్నా ఈ బంతి చుట్టూనే జనం ఎక్కువగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త జంట దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది నిజం కుందేలేనా?" అని ఆ అమ్మాయి భర్తను తెలుగులో అడిగింది. ఫొటో అయిపోయింది, యాభై రూపాయలు చేతులు మారాయి. కుందేలు తర్వాతి జంట ఒడిలోకి వెళ్లింది.

అది నిజం కుందేలే. పేరు జర్మన్ అంగోరా. ఫొటోల కోసం పుట్టిన జీవి కాదు. ప్రపంచంలో అతి సన్నని, అతి వెచ్చని ఉన్నిని ఇచ్చే జంతువుల్లో ఒకటి. ఉన్ని కోసం తెచ్చిన జీవి ఉన్ని వదిలి ఫొటోలకు ఎందుకు దిగిందో తెలుసుకోవాలంటే మనాలీ నుంచి బియాస్ నది వెంట యాభై కిలోమీటర్లు కిందికి రావాలి.

భుంతర్ దగ్గర పార్వతి నది వచ్చి బియాస్‌లో కలుస్తుంది. అక్కడ వంతెన దాటి పక్క లోయలోకి మలుపు తిరిగితే గర్సా. పర్యాటకులు పెద్దగా ఆగని చోటు. యాపిల్, దానిమ్మ తోటలు, రాయి, కొయ్య పొరలుగా పేర్చి కట్టిన పాత ఇళ్లు, కింద వాగు చప్పుడు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు ఇక్కడో ప్రాంతీయ కేంద్రం ఉంది. 1962లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం రాజస్థాన్‌లోని అవికానగర్‌లో. ఎడారి రాష్ట్రంలో చేయలేని పనులను చలి లోయలో చేయడానికి గర్సాను ఎంచుకున్నారు. అందులో కుందేళ్ల పెంపకం ఒకటి.

అంగోరా అంటే టర్కీ రాజధాని అంకారా పాత పేరు. ఆ పేరుతో పిల్లి ఉంది, మేక ఉంది, కుందేలూ ఉంది. మేక ఉన్నిని మొహైర్ అంటారు, కుందేలు ఉన్నిని మాత్రమే అంగోరా అంటారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చేరిన ఈ కుందేలును తర్వాత జర్మన్లు ఉన్ని దిగుబడి కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచారు. ఆ జాతి 1980ల్లో హిమాచల్‌కు వచ్చింది. అంతకు ముందున్న జాతుల కన్నా చాలా ఎక్కువ ఉన్ని ఇస్తుందని అధికారులు మురిసిపోయారు. జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి అంగోరా కోసం ప్రత్యేక పథకమే నడిపింది. కొండ ప్రాంతాల్లో సెంటు భూమి లేని కుటుంబానికి కూడా పెరటి షెడ్డులో ఆదాయం వస్తుందన్నది లెక్క.

గర్సా రోడ్డు పక్క ఒక పల్లెలో ఆ లెక్కను నమ్మిన ఇల్లు ఒకటి ఇప్పటికీ ఉంది. ఇంటావిడకు యాభై దాటాయి. పేరు రాయవద్దన్నారు. ఒకప్పుడు వాళ్ల షెడ్డులో అరవై కుందేళ్లు ఉండేవి. ఇప్పుడు ఎనిమిది. "అరవై ఉన్నప్పుడు అది వ్యాపారం. ఎనిమిది నా సరదా" అని నవ్వుతారామె.

ఆ సరదాకు చాకిరీ తక్కువేమీ కాదు. ప్రతి కుందేలుకూ వేరే బోను. కలిపి ఉంచితే కొట్లాడుకుంటాయి, ఉన్ని పాడవుతుంది. బోను అడుగున తీగ జాలీ, మలమూత్రాలు కిందికి పోవడానికి. రాత్రి పూట బాగా తింటాయి కాబట్టి సాయంత్రం గడ్డి, దాణా వేయాలి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల గుండా వదులుకుంటుంది. జూన్‌లో లోయ వేడెక్కితే తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. మన మైదానాల ఎండలో ఇవి నిలవవు. మన దగ్గర కుందేళ్ల ఫారమ్ అంటే మాంసానికే కావడానికి ఇదో కారణం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం దాని ఉన్నే. కుందేలు ఒళ్లు నాక్కుంటుంది, వెంట్రుకలు కడుపులోకి పోతాయి. పిల్లిలా వాంతి చేసుకోలేదు. వెంట్రుకలు ఉండకట్టి పేగులకు అడ్డుపడితే తిండి మానేసి నాలుగు రోజుల్లో పోతుంది. అందుకే గడ్డి బాగా పెట్టాలి, దువ్వాలి, వేళకు ఉన్ని కత్తిరించాలి. మామూలు కుందేలు బొచ్చు రాల్చుకున్నట్టు జర్మన్ అంగోరా రాల్చుకోదు. మనిషి తన కోసం మలచిన జాతి ఇది. ఇప్పుడు మనిషి చేయి పడకపోతే బతకలేదు.

ఉన్ని కత్తిరింపు సుమారు రెండున్నర నెలలకోసారి, ఏడాదికి నాలుగైదు సార్లు. ఆ మధ్యాహ్నం వంతు ఒక ఆడ కుందేలుది. ఆవిడ దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి, వెన్ను మీద పాపిడి తీసినట్టు ఉన్నిని రెండు వైపులకూ విడదీశారు. కత్తెరను చర్మానికి సమాంతరంగా ఆనించి చిన్న చిన్న కత్తిరింపులు. ఉన్నిని పైకి లాగితే చర్మం కూడా లేస్తుంది, కత్తెర దిగుతుంది. కాగితంలా పల్చటి చర్మం. మాటలు ఆగిపోయాయి. ముప్పావు గంట తర్వాత బల్ల మీద రెండు కుందేళ్లున్నట్టు అనిపించింది. ఒకటి పిడికెడంత బక్కది, రెండోది అంత ఎత్తున పేరుకున్న తెల్లటి ఉన్ని. తూకం వేస్తే అది పావు కిలో కూడా లేదు. ఏడాదంతా కలిపితే ఒక్కో దాని నుంచి కిలో లోపే.

ఈ ముప్పావు గంటలోనే అంగోరా చరిత్ర మొత్తం ఉంది. ప్రపంచ అంగోరాలో దాదాపు 90 శాతం చైనాదే. అక్కడి ఫారాల్లో బతికున్న కుందేళ్ల ఉన్నిని చేతులతో పీకుతున్న దృశ్యాలను 2013 చివర్లో జంతు హక్కుల సంస్థ పెటా బయటపెట్టింది. కుందేళ్ల అరుపులు ఇంటర్నెట్‌లో లక్షల మంది విన్నారు. హెచ్ అండ్ ఎం సహా పెద్ద దుస్తుల కంపెనీలు వరసగా అంగోరా ఆపేశాయి. జారా మాతృసంస్థ ఇండిటెక్స్ 2015లో పూర్తిగా మానేసింది. కోపం న్యాయమైనదే. కానీ పీకింది ఎవరు, కత్తిరించింది ఎవరు అని దుకాణంలో స్వెట్టర్ చెప్పదు. "మా ఉన్ని కత్తెరతో తీసిందని ఎవరికి చెప్పుకోవాలి?" అన్నది ఈ ఇంటి ప్రశ్న. ఈ లోయకు అంతకు ముందు కూడా సుఖం లేదు. ఉన్ని కొనే వ్యాపారి ధర ఏడాదికో రకంగా ఉండేది, దాణా ధర మాత్రం ఎప్పుడూ పైకే. పథకం కుందేలును ఇచ్చింది, షెడ్డును ఇచ్చింది. నికరంగా కొనేవాణ్ని ఇవ్వలేకపోయింది.

కులూ శాలువాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1944లో మొదలైన భుట్టి నేతగాళ్ల సహకార సంఘం 'భుట్టికో' పేరుతో వాటిని దేశమంతా అమ్ముతోంది. అంగోరా కలిపిన శాలువాలు కూడా అందులో ఉన్నాయి. కానీ మనాలీ మాల్ రోడ్డులో పంజాబ్ పవర్‌లూమ్ సరుకును కూడా కులూ పేరుతోనే అంటగడతారు. అసలుకే దిక్కు లేనప్పుడు అందులో కలిసిన కుందేలు ఉన్నికి లెక్కెక్కడ?

అందుకే ఆవిడ వ్యాపారం వదిలేశారు, వడకడం వదల్లేదు. కొండల్లో ఆడవాళ్లు నడుస్తూ, బస్సు కోసం ఎదురుచూస్తూ కూడా మేజోళ్లు అల్లుతారు. గద్దీ గొర్రెల కాపర్లు మంద వెనక నడుస్తూనే తకిలీ తిప్పుతారు. గొర్రె ఉన్నిలో జిడ్డు ఉంటుంది, ముడతలుంటాయి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అంగోరాలో జిడ్డు దాదాపు ఉండదు, జారిపోతుంది. పురి ఎక్కువ ఎక్కించాలి. లేదంటే దారం తెగుతుంది, తెగకపోతే రాలుతుంది. నేను తకిలీ పట్టుకుంటే మూరెడు దారం కూడా నిలవలేదు. ఒంటి నిండా తెల్ల వెంట్రుకలు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు టీలోంచి కూడా ఏరుకోవాల్సి వచ్చింది. ఆవిడ మెరీనో ఉన్ని కొంత కలిపి కార్డింగ్ దువ్వెనల మీద దువ్వి నా చేతికిచ్చారు. ఈసారి దారం నిలిచింది. "ఒక్కటే ఉంటే నిలవదు బేటా, తోడు కావాలి" అన్నారు. అన్నది ఉన్ని గురించే.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇలాంటి చేతులనే చూశాను. వాలుగ చేప దవడతో కొండపత్తిని శుభ్రం చేసి సన్న నూలు వడికే చేతులు. అక్కడా కూలి తక్కువే. అయితే పొందూరు ఖద్దరుకు ఒక పేరుంది, గాంధీజీ కాలం నుంచి వచ్చిన గౌరవం ఉంది, ఖాదీ దుకాణంలో ఒక అర ఉంది. గర్సా అంగోరాకు అదేదీ లేదు.

ఇంతకూ అరవై కుందేళ్లు ఎనిమిది ఎలా అయ్యాయి? కొన్ని చచ్చిపోయాయి, కొన్ని అమ్ముడయ్యాయి. మూడేళ్ల క్రితం రెండింటిని ఆమె కొడుకు ఫొటోల వాళ్లకు అమ్మాడు. సీజన్‌లో ఒక్క కుందేలు రోజుకు సంపాదించేది ఉన్ని మీద ఏడాదికి కూడా రాదు. అతడి లెక్కలో తప్పు లేదు. మరుసటి వేసవిలో ఆవిడ బంధువుల పెళ్లికి మనాలీ వెళ్లి, హిడింబ గుడి దగ్గర తన కుందేలును గుర్తుపట్టారు. చెవి మీద చిన్నప్పటి కాటు గుర్తు. "పొట్ట కింద ఉన్ని అట్ట కట్టింది. ఎవరూ దువ్వడం లేదు. పొద్దుటి నుంచి వంద చేతులు" అని, కాసేపు ఆగి, "నన్ను ఎత్తుకోమన్నారు, ఫొటోకు" అన్నారు. ఎత్తుకున్నారా అని అడిగాను. డబ్బిచ్చి ఎత్తుకున్నారట. ఫొటో తీయించుకోలేదు. చేతి వేళ్లతోనే కొంచెం చిక్కు తీసి తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత ఏ కుందేలునూ అమ్మలేదు. అమ్మనని కొడుకుతో మాట తీసుకున్నారు. అతడు భుంతర్‌లో ట్యాక్సీ నడుపుతాడు. అమ్మ పోయాక ఏం చేస్తావని అడిగితే ఏమీ అనకుండా షెడ్డు వైపు చూశాడు.

అమెరికాలో, యూరప్‌లో ఇంట్లో నాలుగు అంగోరాలు పెంచుకుని, ఆ ఉన్ని తామే వడికి అల్లుకునే అభిరుచి చాలామందికి ఉంది. అది పెద్దగా లాభం చూసుకోని సరదా కాబట్టే అక్కడ కుందేలుకు ముప్పావు గంట దొరుకుతుంది. గర్సాలోనూ అంతే. ఫ్యాక్టరీకి ఆ ముప్పావు గంట లేదు, ఫొటోల వాళ్లకు దువ్వెన లేదు. ప్రభుత్వం ఈ ఉన్నిని నిలబెట్టాలనుకుంటే మరిన్ని కుందేళ్లు పంచనక్కర్లేదు. కత్తెరతో తీసిన ఉన్ని అని రాసిన ఒక చీటీ, దాన్ని నమ్మి కొనే ఒక దుకాణం చాలు.

బయల్దేరే ముందు ఆవిడ షెడ్డు చివరి బోనులోని కొయ్య పెట్టె మూత తీసి చూపించారు. తల్లి కుందేలు ఈనే ముందు తన రొమ్ము మీది ఉన్ని తానే పీక్కుని గూడు పరుస్తుంది. నెల రోజులు మోసి, ముందు రోజు రాత్రే ఈనింది. ఆ తెల్లటి ఉన్ని లోపల వెంట్రుక కూడా మొలవని, కళ్లు తెరవని గులాబీ రంగు పిల్లలు కదులుతున్నాయి. లెక్కపెడితే అయిదు.

"ఎనిమిది కాదు, పదమూడు" అన్నాను.

"బతికితే" అని మూత మెల్లగా వేశారామె.