కరివేపాకు కుండీకి చలి లెక్క

అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగు ఇళ్లకు ఒక పని పడుతుంది. వేసవంతా డెక్ మీద ఏపుగా పెరిగిన కరివేపాకు కుండీని లోపలికి మోసుకొచ్చి, దక్షిణం కిటికీ పక్కన చోటు చేయాలి. దాని వెనకే మల్లె, తులసి. కాలిఫోర్నియాలో శాన్ హోసేలో ఉన్న చుట్టాలకు ఈ మోత లేదు. అక్కడ అదే కరివేపాకు పెరటి నేలలోనే వేళ్లూని చెట్టవుతుంది. ఈ తేడాను ఒక్క అంకెలో చెప్పేదే హార్డీనెస్ జోన్. ఎడిసన్‌ది 7. శాన్ హోసేలో కొంత 9, కొంత 10.

ఈ అంకెలున్న పటాన్ని అమెరికా వ్యవసాయ శాఖ 1960లో మొదట ప్రచురించింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2023 నాటిది. దాని లెక్క తేలికే. 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్లలో ఏటా అన్నిటికంటే చల్లని రాత్రి ఎంత చలి పడిందో తీసుకుని, సగటు కట్టారు. పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఒక జోన్ చొప్పున మొత్తం 13. ఒక్కోదాన్ని మళ్లీ ఐదేసి డిగ్రీల ఎ, బి భాగాలుగా విడగొట్టారు. అంకె చిన్నదైతే చలి ఎక్కువ. 2012 పటంతో పోలిస్తే దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోన్ వెచ్చని వైపు జరిగింది.

ఇందులో పట్టించుకోవలసిన మాట ‘సగటు’.

డాలస్ 8వ జోన్. అంటే అక్కడి శీతాకాలపు అతి చల్లని రాత్రి సగటున 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. కానీ 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో సున్నాకు రెండు డిగ్రీలు కిందికి పడిపోయింది. జోన్ల లెక్కలో చూస్తే అది 6వ జోన్ చలి. జోన్‌కు సరిపోయిన మొక్కకైనా అలాంటి రాత్రి గండమే. కుండీలో ఉన్నదానికి ప్రమాదం మరీ ఎక్కువ. నేలలో వేళ్లకు చుట్టూ మట్టి దుప్పటిలా కాపుంటుంది, కుండీలో నాలుగు వైపులా చలిగాలే. అందుకే తోటపని తెలిసినవాళ్లు బయట ఉంచే కుండీ మొక్కను తమ ఊరికంటే ఒకటి రెండు జోన్లు ఎక్కువ చలికి ఓర్చేది చూసి ఎంచుకుంటారు.

ఈ అంకె ఎండ సంగతి చెప్పదు. సియాటిల్, హ్యూస్టన్ రెండూ 9వ జోన్‌లోకే వస్తాయి. హ్యూస్టన్ ఉక్కలో బెండ, గోంగూర విరగకాస్తాయి. సియాటిల్ చల్లని వేసవిలో వాటికి కావలసిన వేడి దొరకడమే కష్టం. పైగా ఒక్క కాలంలోనే విత్తి, కాపు కోసుకునే కూరగాయలకు జోన్ కంటే ముఖ్యం, గడ్డకట్టే చలి లేని రోజులు ఎన్ని అన్నది. ఈ లోటు చూసే అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడికి వేరే పటం వేసింది. ఏడాదిలో 86 డిగ్రీలు దాటే రోజులెన్నో అది చెబుతుంది.

మళ్లీ ఎడిసన్ కిటికీ దగ్గరికి వస్తే, జనవరిలో కరివేపాకు ఆకులన్నీ రాల్చేయవచ్చు. చచ్చిపోతోందని కంగారుపడి నీళ్లు కుమ్మరిస్తే వేళ్లు కుళ్లుతాయి. కొమ్మను గోటితో కాస్త గీరి చూస్తే చాలు, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఉగాది పచ్చడి తిన్నాక కూడా అక్కడ గడ్డకట్టే రాత్రులుంటాయి కాబట్టి, కుండీ బయటికి వచ్చేది మే నడిమికి. మొదటి వారం డెక్ మీద నీడ పట్టునే ఉంచి, తర్వాత మెల్లగా ఎండలోకి జరుపుతారు. అప్పటికి మోడు కొమ్మల కొసల్లో లేత చిగుళ్లు కనిపిస్తుంటాయి.