మేము కల్పించిన లిపి

మా వంటింటిలో మినుముల డబ్బాపై నొక సున్నయు, దాని నడుమ మఱియొక చిన్న సున్నయు గీసియున్నవి. అది గారె. ఆ గుర్తును కల్పించినది మేము కాము; మా యింట వంట చేయునామె. ఆ సంగతి చెప్పుటకు ముందు మా వెఱ్ఱిని కొంత చెప్పుకొనక తప్పదు.

2015వ సంవత్సరము జులై నెలలో ఆర్.టి.సి. క్రాసురోడ్డు కడ ‘బాహుబలి’ చిత్రమును చూచి, చిక్కడపల్లికి కాలినడకను వచ్చుచుండగా, మా పిల్లలు దారి పొడవునను కాలకేయుల భాషలో నఱచుచు వచ్చిరి. ఆ భాషకు కిలికి యని పేరు. తమిళ గీతరచయిత మదన్ కార్కీ దానిని 750 మాటలతోను 40 వ్యాకరణ సూత్రములతోను ఆ చిత్రము కొఱకై కల్పించెను. వట్టి యఱపులనుకొన్నదానికి వ్యాకరణము కూడ కలదని తెలిసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మఱునాటినుండి మేమును ఒక భాషను కట్ట నారంభించితిమి. నీటికి మిలు, ఇంటికి తోసి, తల్లికి నిమ, జ్ఞాపకమునకు సెలు. ఇంటిల్లిపాదియు నవ్విరి. నవ్వనిండని ఊరకుంటిమి.

2020 ఫిబ్రవరి 21వ తేదీన, మాతృభాషా దినమున, కిలికికి లిపి వెలువడెను. మా చిక్కడపల్లికిని నారాయణగూడకును మెట్రో రైలు వచ్చినదియు నా నెలలోనే. కిలికి లిపి ధ్వనులను వ్రాయునది. మేము అంతకంటె గొప్ప పని చేయదలచితిమి. ధ్వనిని విడిచి మాటనే వ్రాసిన నేమి? 5 అను అంకెను మనము అయిదని చదువుదుము, నారాయణగూడ బజారులో పండ్లమ్ము సాయెబు పాంచ్ అని చదువును, గుర్తు ఒక్కటియే. అంకెకు గల యీ సౌకర్యము అన్నమునకును నీటికిని ఏల యుండరాదు? అక్షరములు, గుణింతములు, వత్తులు అను కంచె దాటలేక బయట నిలిచినవారందఱును ఇట్టి లిపితో నొక్క నెలలో చదువరులు కాగలరని మా యాశ. 1951-52లో జరిగిన మొదటి సాధారణ యెన్నికలలో, దేశమున నూటికి 18 మందికే చదువు వచ్చిన దినములలో, కోట్లకొలది జనులు పెట్టెలపై నంటించిన బొమ్మలను చూచియే కదా వోట్లు వేసిరి!

ఈ యాశ మాకు క్రొత్తగా కలిగినదియు కాదు. నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున పుట్టిన చార్లెస్ బ్లిస్ అను నతడు నాజీల నిర్బంధ శిబిరములనుండి బయటపడి, షాంఘై చేరి, చీనా లిపిని చూచి ముగ్ధుడై, సకల జాతులును తమ తమ భాషలలో చదువుకొనదగిన చిత్రలిపి నొకదానిని కల్పించి 1949లో ఆస్ట్రేలియాలో ప్రకటించెను. జాతుల నడుమ నపార్థములు తొలగి యుద్ధములు మానునని యతని నమ్మకము. యుద్ధములు మానలేదు. కాని 1971 మొదలు కెనడాలోని టొరంటో నగరమున, నోట మాటరాని పిల్లలు ఆ గుర్తులను వ్రేలితో చూపి తమ మనసులోని మాటను చెప్పనేర్చిరి. ఇది చిన్న ఫలమని మేమనజాలము.

చిక్కడపల్లి గ్రంథాలయమున కూర్చుండి మేము 163 గుర్తులను సిద్ధపఱచితిమి. మా చుట్టును ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు. ఒకనాడు మా పేటల పేర్లను వ్రాయబూనితిమి. నారాయణగూడకు శంఖము గీసి, ప్రక్కను ఇండ్ల గుంపును పెట్టితిమి. అశోక్ నగర్ ఇంకను సులభము: శోకమునకు వంగిన కొమ్మ, లేదనుటకు దానిపై అడ్డగీత, ఊరికి మూడిండ్లు. ప్రక్కనున్న యువకుడు తొంగిచూచి, “ఇది ఏ పరీక్షకండీ?” అనెను. శోకము లేని ఊరని అర్థము చెప్పితిమి. అతడు కొంతసేపు మా మొగము చూచి, “మూడేళ్లుగా అక్కడే అద్దెకుంటున్నానండీ” అని మరల పుస్తకములో తలదూర్చెను. ఇక చిక్కడపల్లికి పల్లె దొరకెను గాని, ‘చిక్కడ’ కేమి బొమ్మ గీయుదుము? మా పేట తన పేరునకు తగినట్లే మాకు చిక్కలేదు. అప్పుడే మేము మేల్కొనవలసినది. మేల్కొనలేదు.

మా లిపికి మొదటి విద్యార్థిని మా వంటయామె. తొమ్మిదేండ్లుగా మా యింట పనిచేయుచున్నది, అక్షరము రాదు. డబ్బాలపై మా గుర్తులను వ్రాసితిమి. ఉప్పునకు అలయు చుక్కయు, చక్కెరకు చెఱకుగడయు చుక్కయు. ఆమె వారము దినములలో ఇరువది గుర్తులను పట్టెను. నెల తిరుగునప్పటికి అఱువది. అంతటితో నాగక మమ్ము దిద్దసాగెను. పప్పులన్నిటికిని మేము పెట్టినది ఒక్కటే చీలిన గింజ, చుక్కల లెక్క మాత్రము వేఱు. చుక్కలు లెక్కపెట్టుచు నిలుచుట యెవరి తరమని యామె మినుములకు గారెను గీసెను. కందిపప్పు డబ్బాపై నున్న గుర్తును చెఱిపివైచెను. ఏమని యడుగగా, “రోజు పొయ్యి మీదికెక్కే పప్పుకు గురుతెందుకమ్మా? గురుతు లేని డబ్బానే కందిపప్పు” అనెను. మా నోటుపుస్తకములన్నిటిలోను అంతటి యుక్తి లేదు.

పిదప నొకనాడు చేతులు తుడుచుకొనుచు వచ్చి, “అమ్మా, ఇండ్ల నా పేరెట్ల రాస్తరు?” అని యడిగెను.

ఆమె పేరును పత్రికలో వేయవలదన్నది. యాదగిరిగుట్ట స్వామి పేరిట పెట్టిన పేరనిన చదువరులు ఊహింపగలరు. మేము క్షణమాలోచించి, యాది యనగా జ్ఞాపకము కదా యని, జ్ఞాపకపు గుర్తును తల్లి గుర్తును చేర్చి వ్రాసితిమి. “సదువున్రి” అనెను. మా భాషలో చదివితిమి: సెలునిమ.

“గదెవరమ్మా?”

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమె యెందుల కడిగినదో అప్పుడు చెప్పెను. అంతకు నెల దినముల క్రిందట ఒక బ్యాంకిలో ఆమె బొటనవ్రేలికి సిరా పూసి ముద్ర వేయించుకొని, తుడుచుకొనుటకు కాగితపు ముక్కయైన నీయక పంపిరట. బస్సులో నా చేతిని కొంగున దాచుకొని వచ్చినదట.

మరల గ్రంథాలయమునకు పోయి పుస్తకములు తిరుగవేసితిమి. పేరన్నది ప్రతి చిత్రలిపికిని అడ్డు తగిలినదే. సుమారు 5000 ఏండ్ల క్రిందట ఈజిప్టువారు తమ రాజు నార్మెర్ పేరు వ్రాయవలసివచ్చి, చేపను ఉలిని గీసిరి. వారి భాషలో ఆ చేప పేరు నార్, ఉలి పేరు మెర్. ఆ రాజునకు చేపతోను పని లేదు, ఉలితోను పని లేదు. 1822లో షాంపోలియన్ ఆ లిపిని విప్పగలుగుటకు దారిచూపినవియు రాజుల పేర్లే. చీనావారు మన దేశము పేరును రెండు గుర్తులతో వ్రాయుదురు. ఒకదాని యర్థము ముద్ర, రెండవదాని యర్థము కొలత. చదివినప్పుడు వినబడునది ‘ఇన్ దు’. ఇంటి సామానులకు బొమ్మ చాలును. మనిషికి ధ్వని కావలెను.

ఇంటికి వచ్చి, జ్ఞాపకపు గుర్తును తెలుగు ధ్వనితోనే చదువుదమని ఆమెకు నచ్చజెప్పబోతిమి. ఆమె శ్రద్ధగా విని, “బ్యాంకుల గిది సదువుతరా?” అనెను.

ఆమె పేరునకు తెలుగున మూడే యక్షరములు. అఱువది గుర్తులను నెలలో నేర్చిన మనిషికి ఆ మూడింటిని తొమ్మిదేండ్లలో మేము చూపలేదు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మేము మాటలాడి వచ్చిన సాయంకాలములందును ఆమె మాకు కాఫీ యిచ్చుచునే యుండెను.

మూడు వారములు పట్టెను. మొదటి రెండక్షరములు త్వరలోనే వచ్చినవి. మూడవదాని వత్తు తిప్పలు పెట్టెను. తుదకు, “తల్లి కింద పిల్ల” అని తానే యొక పేరు పెట్టుకొని దానిని లొంగదీసెను. బ్యాంకిలో గుమాస్తా అలవాటున సిరా డబ్బాను ముందుకు జరుపగా, కలమిమ్మని యడిగి దస్కత్తు చేసి వచ్చెను. వ్రాయుటకు చాల సేపు పట్టిన దనియు, వెనుక వరుసలో నున్నవారు విసుగుకొని రనియు చెప్పెను.

ఇప్పుడు వార్తాపత్రికలో పెద్ద యక్షరములను కూడబలుకుకొని చదువుచున్నది. ఇక డబ్బాలపై గుర్తులను చెఱిపి తెలుగున వ్రాయుదమా యని మొన్న నడిగితిమి.

“వద్దమ్మా,” అనెను. “అక్షరాలు సదువుకుంట నిలబడితె పోపు మాడుతది.”