అట్ల కాదు పాపా

నేపర్‌విల్, ఇల్లినాయ్

3 నవంబర్ 2024, ఆదివారం

తెల్లారేసరికి గడియారాలు గంట వెనక్కి పోయాయి. ఇక మార్చి దాకా కర్నూలుకీ మాకూ పదకొండున్నర గంటల తేడా. అక్కడ మా చిన్నాయన రాత్రి ఎనిమిదికి అన్నం తిని మంచమ్మీద కూర్చునే వేళకి నాకిక్కడ ఉదయం ఎనిమిదిన్నర. పనిరోజుల్లో ఆ సమయానికి కారులో ఉంటాను. నేను రాస్తున్న మా ఊరి నవలకి మిగిలేవి శని, ఆదివారాలే.

ఇవాళ అడిగింది ఒకటే మాట. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్ళు మన వాకిట్లోకి వచ్చింది పగలా, రాత్రా? నాకప్పుడు ఏడేళ్ళు. "నడి మద్యాన్నం" అన్నాడు చిన్నాయన. వెనకనుంచి చిన్నమ్మ: "అట్ల కాదు పాపా. అప్పటికే ఊరు ఖాళీ చేసినాం గదా. నీళ్ళొచ్చింది మనమెవరం సూడలే. ఎవురో చెప్పింది ఇని చెప్తాండాడు."

ఇక నన్ను వదిలేసి ఇద్దరూ వాదులాడుకున్నారు. నేను రాసుకుంటూ కూర్చున్నాను. మిద్దె పీకి దూలాలూ తలుపులూ బండ్లకెత్తారట. వాకిలి చౌకట్టు ఎవరికని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారట. నీళ్ళు వరదలా మీదపడలేదు. వంకలోంచి ఎగదన్ని, రోజుకింత చొప్పున చేలల్లోకి పాకాయి. పాములూ ఎలుకలూ ముందుగా మెరక చేరాయి. వీటిలో ఒక్కటి కూడా నేను అడిగినది కాదు. వాళ్ళకి మాట కలవకపోబట్టే బయటికొచ్చాయి.

16 నవంబర్, శనివారం

షికాగో విశ్వవిద్యాలయం రీజెన్‌స్టైన్ గ్రంథాలయంలో మధ్యాహ్నమంతా గడిపాను. 1960ల నాటి తెలుగు నవలలు వరసగా ఉన్నాయి. ఇంత దూరం ఎలా వచ్చాయన్నది నాకెప్పుడూ అబ్బురమే. అమెరికా 1954లో పీఎల్-480 అనే చట్టం చేసింది. దాని కింద మనకు గోధుమలు పంపి, ధర రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత పెట్టి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మా జేజి రేషన్లో తెచ్చుకున్న అమెరికా గోధుమల గురించి ఇంట్లో చాలా విన్నాను. ఆ గోధుమల డబ్బే ఈ బీరువాల్లో నవలలై ఉంది. నాకిది చరిత్ర చేసిన మేలు. మనసారా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

కానీ పుస్తకాల్లో ఊరు ఎంతున్నా, అవి నా పేజీ చదివి ఇది తప్పని చెప్పలేవు.

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

బయట మంచు గట్టిపడి అడుగు జారుతోంది. ఇవాళ ఐరిష్ రచయిత జాయిస్ పుట్టినరోజు. 1922లో ఆయనకు నలభై నిండిన ఈ తేదీకే 'యులిసిస్' పారిస్‌లో వెలువడింది. ట్రియెస్ట్‌లో మొదలుపెట్టి, జ్యూరిక్‌లో సాగించి, పారిస్‌లో ముగించిన పుస్తకం. కథంతా డబ్లిన్‌దే.

నాకు ఎక్కువ ఇష్టమైనది అంతకు కొన్ని నెలల ముందు, 1921 నవంబర్‌లో, డబ్లిన్‌లోని జోసఫిన్ అత్తకు ఆయన రాసిన ఉత్తరం. ఎక్లెస్ వీధి 7వ నంబరు ఇంటి ముందు కమ్మీలు ఎక్కి, అవతలి పల్లంలోకి వేలాడి, దెబ్బ తగలకుండా దూకడం మామూలు మనిషికి సాధ్యమా అని అడిగాడు. అలా దూకిన మనిషిని ఆయన స్వయంగా చూశాడు. అయితే ఆ మనిషి మంచి దేహదారుఢ్యం ఉన్నవాడు. తన కథానాయకుడు బ్లూమ్ మామూలు మనిషి. తాను చూసింది చాలదనుకుని ఊళ్ళో ఉన్న ఆడమనిషిని అడగడం నాకు చాలా పెద్ద గుణంగా కనిపిస్తుంది. అంతటి జ్ఞాపకశక్తి ఉన్నవాడికి కూడా, ఔనో కాదో చెప్పే అత్త కావలసివచ్చింది.

23 మార్చి, ఆదివారం

సాహిత్య సమావేశంలో ఒక పెద్దాయన, దూరం నుంచి చూస్తే ఊరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుందన్నారు. అందరూ తలూపారు. నేను ఒప్పుకోలేను. దూరంలో ఊరికి గరుకు పోతుంది. మంచి జేజి, పచ్చటి చేను, నీళ్ళ చప్పుడు మాత్రమే మిగులుతాయి. నా చిన్నప్పటి ఊళ్ళో చౌకట్టు కోసం అన్నదమ్ములు విడిపోయిన సంగతి నా జ్ఞాపకంలో లేనే లేదు. అది లేకుండా ఈ నవలకు అర్థం లేదు.

29 మే, గురువారం

నిన్న కెన్యా రచయిత గూగీ వా థియాంగో పోయారు. 87 ఏళ్ళు. పనిలోంచి వచ్చి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

జైల్లో టాయిలెట్ కాగితం మీద నవల రాశారన్న సంగతి అందరూ తలుచుకుంటున్నారు. నేను తలుచుకుంటున్నది అంతకు ముందు, 1977లో, కమిరీతు గ్రామంలో జరిగింది. తోటి రచయితతో కలిసి ఆయన రాసిన గికుయు నాటకాన్ని ఊరివాళ్ళు విని, మా ముసలివాళ్ళు ఇలా మాట్లాడరు, ఈ పని ఇలా జరగదు అంటూ దిద్దారు. ఆయన దిద్దనిచ్చారు. కెన్యా ప్రభుత్వం ఆ నాటకాన్ని ఆపించి, ఏడాది చివర్లో ఆయన్ని జైలుకు పంపింది. 1982 నుంచి పరాయి దేశాల్లోనే బతుకు. 2004లో గానీ సొంత నేల మీద అడుగు పెట్టలేదు. అన్నేళ్ళు దిద్దే ఊరు దగ్గర లేకపోయినా గికుయు వదల్లేదు. అమెరికాలో ఉంటూనే పెద్ద నవల ఆ భాషలోనే రాశారు. ఆయన్ని ఊరు వెళ్ళగొట్టలేదు, ప్రభుత్వం వెళ్ళగొట్టింది. నేను చదువు కోసం, జీతం కోసం వచ్చినదాన్ని. నాది ప్రవాసం కాదు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడం నాకు నచ్చదు.

8 జూన్, ఆదివారం

ముంపు అధ్యాయం పూర్తయింది. నీళ్ళు వచ్చిన పూట మీద చిన్నాయన మాట, చిన్నమ్మ మాట రెండూ ఉంచాను. ఒకరు చెబుతుండగా ఇంకొకరు అడ్డు తగులుతారు. నవల ఎవరి పక్షమూ తీసుకోదు.

ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. చిన్నాయన చాలాసేపు పలకలేదు. తర్వాత 98వ జీవో ఎందుకు రాయలేదన్నాడు. ముంపు కుటుంబానికో ఉద్యోగం ఇస్తామని 1986లో వచ్చిన జీవో. దాన్ని నమ్ముకుని తిరిగినవాళ్ళలో చాలామందికి వయసు దాటిపోయింది. "నీళ్ళతోనే అయిపోయిందనుకుంటాండావా? నీళ్ళు ఒక ఏడాది. ఆఫీసుల సుట్టూ తిరిగింది ఎన్నేండ్లు!" చిన్నమ్మ ఈసారి కాదనలేదు.

ముంపుతో ముగిద్దామనుకున్న నవల ఇంకా సాగాలి. దరఖాస్తులు, అర్జీలు, బస్టాండులో పడుకున్న రాత్రులు కూడా రాయాలి. అయితే ముందు తేలాల్సింది నష్టపరిహారం సంగతి. ఆ డబ్బు ఎవరి చేతికిచ్చారు, జేజి చేతికా, చిన్నాయన చేతికా? చిన్నాయననీ చిన్నమ్మనీ విడివిడిగా అడగాలి. చిన్నమ్మను ముందు.