గోదావరి వాకిట వసంతము

వసంతము వచ్చినదని మన యిండ్లలో మొట్టమొదట తెలిసికొనునది వంటయిల్లు. కొత్త చింతపండు జాడీ కెక్కును. మామిడిపిందె పప్పులోనికి దిగును. వేపపువ్వును చేటలో పోసి నీడపట్టున ఆరబెట్టుదుము. ఉగాదినాడు ఆరు రుచుల పచ్చడి చేసి, నలుగురికి పంచి, గిన్నెలు సర్దుకొని మరల పనిలో పడుదుము. కోయిల కూయుచున్నదని పిల్లలు పరుగున వచ్చి చెప్పినను, పోపు మాడునేమో యన్న ధ్యాసయే మనకు. ఇక ఇల్లు కదలవలెనన్న మన కొక కారణము కావలెను. పెండ్లియో, పురుడో, తీర్థమో, పరామర్శయో లేక గడప దాటుట మన కలవాటు లేదు. ఊరక చూచి వచ్చుటకై పోవుట యనిన మనకే యేదో తప్పు చేసినట్లుండును.

ఈ యేడు ఉగాది వెళ్ళిన నాలుగవనాడు మేము ఆ తప్పు చేసితిమి. మేమనగా అత్తాకోడండ్రము, పండుగకు పుట్టింటికి వచ్చిన మా వదిన, పదేండ్ల మా పిల్ల. మామగారు పోయి ఏడాది దాటినది. సంవత్సరీకములు ముగిసిన పిదపకూడ అత్తగారు వాకిలి దాటి యెరుగరు. ఎవరును వలదనలేదు, తామే వలదనుకొనిరి. పేరంటమునకు పిలిచిన రారు. ఏ పనిమీదనో పోవువారికి ఎదురగుదునేమో యని ఉదయమున వీధిగుమ్మమున నిలువరు. తాము ముప్పది యేండ్లు పెంచిన పెరటి మల్లెకు నీళ్ళు పోయుటకూడ మానిరి. మేము పోసినను అది నిలువలేదు. "ఎవరికోసమమ్మా యిక ఆ పూలు?" అని యొకసారి మాత్రమే అనిరి. ఆ మాటకు మాకు జవాబు తోచలేదు.

ఆత్రేయపురములో పూతరేకులు చేయుట కన్నులార చూడవలెనని వదిన పట్టుబట్టెను. "మీరు రాకున్న మంచి నేయి యేదో, కాని దేదో మాకు తెలియదు" అని అత్తగారిని బతిమాలితిమి. కారణము లేనిదే కదలనివారికి ఒక చిన్న కారణమును కల్పించితి మన్నమాట.

రాజమహేంద్రవరమున మా యింటినుండి తెల్లవారక మునుపే బయలుదేరితిమి. ఆటో నొకదానిని దినమంతటికిని మాటాడుకొంటిమి. పులిహోర, పెరుగన్నము, మంచినీళ్ళు మూటగట్టుకొంటిమి. పుష్కరఘట్టమువద్దకు వచ్చుసరికి తూరుపు ఎఱ్ఱబారుచుండెను. చైత్రమున గోదావరి సన్నగిల్లి, నడుమ నడుమ ఇసుకతిన్నెలు వీపులు చూపుచుండెను. ఆవల పాత హేవలాకు వంతెన కనబడెను. 1900లో రైళ్ళకు తెరచిన ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసికొన్నది. అత్తగారు దానివంక చాలసేపు చూచి, "ఈ వంతెనమీదనే కదా నన్ను కాపురమునకు తెచ్చినది. కిటికీలోనుండి గోదావరిలో పైసలు వేయుమని మీ మామగారు నా చేతిలో గుప్పెడు చిల్లర పోసిరి" అనిరి. ఏడాదిగా వారినోట మామగారి మాట వినియుండలేదు. పిల్ల వెంటనే తన రూపాయి బిళ్ళను తీసి "మామ్మా, నీవే వేయుము" అనెను. అత్తగారు మెట్లు దిగి, నీటికి చేయి తాకించి, ఆ బిళ్ళను మెల్లగ జారవిడిచిరి.

అచటినుండి ధవళేశ్వరము కొద్ది మైళ్ళు. ఈ సీమను ఒకప్పుడు గోదావరియే ముంచెడిది, గోదావరియే ఎండగట్టెడిది. 1833 నాటి క్షామమున జనము పడిన పాట్లు ఇన్నియన్ని కావు. సర్ ఆర్థర్ కాటను దొర 1847లో ఇచట ఆనకట్ట పని మొదలిడి 1852 నాటికి ముగించెను. ఇప్పు డాపని చేయుచున్న బ్యారేజీ ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగ నున్నది. అన్నిటికిని కలిపి 175 గేట్లు. మొదటి ఖండముమీదుగ పోవునప్పుడు పిల్ల గేట్లు లెక్కించుటకు పూనుకొని, నడుమ ఒక కొంగను చూచి లెక్క తప్పి, అలిగి కూర్చుండెను. ఆ ఖండమున 70 అని ఆటోవాడు చెప్పి దాని అలక తీర్చెను.

ఈ ధవళేశ్వరముతో స్త్రీలమైన మనకు మరియొక బంధము గలదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ఇచట బాలికలకు పాఠశాల పెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన వారే రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించిరి. అప్పుడు ఊరు వెలివేయగా, వంటవారును నీళ్ళు మోయువారును రాకపోగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి పోయి బిందెతో నీళ్ళు తెచ్చి వంట సాగించిరట. వదిన పిల్లకు ఈ సంగతి చెప్పుచుండగా అత్తగారు వినుచునే యుండిరి. "ఆ బిందె మోసిన తల్లి పేరు పిల్లలకు చెప్పుట మంచిదే" అని మాత్రము అనిరి.

బొబ్బర్లంక దాటి లొల్ల చేరుసరికి మా ఆటో చక్రములోని గాలి పోయెను. స్టెప్నీ తీసి చూడగా అదియు చప్పబడియుండెను. ఆటోవాడు రెండు చక్రములును పట్టుకొని, దారిన పోవు మోటారు సైకిలెక్కి పోయెను. మేము లొల్ల లాకులవద్ద చెట్టుక్రింద దుప్పటి పరచుకొంటిమి. మొదట కొంత విసుగు గలిగెను గాని, కాలువపైనుండి వచ్చు చల్లగాలికి అది నిలువలేదు. కాలువగట్టున కొబ్బరిచెట్లు వంగి తమ నీడలను తామే చూచుకొనుచుండెను. మావిచిగురు వాసన యెక్కడినుండియో వచ్చుచుండెను. పులిహోర తినుచు, పుట్టి బుద్ధెరిగిననాటినుండి మేము ఇట్లు ఏ పనియు లేక చెట్టుక్రింద కూర్చుండిన దెన్నడని ఆలోచించితిమి. ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

"ఈ తలుపు లెందుకు మామ్మా?" అని పిల్ల అడిగినది. తమ చిన్నతనమున అమ్మమ్మతో పడవలో పోవుచుండిన అత్తగారు చెప్పసాగిరి. కాలువ ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లము. పడవ పల్లమునుండి మీదికి రావలెనన్న రెండు తలుపుల నడుమకు చేరవలెను. వెనుక తలుపు మూసి, ముందు తలుపుగుండ నీరు మెల్లగ విడుతురు. నీటితోపాటు పడవయు లేచును. రెండువైపుల నీరును సమమైనపుడు ముందు తలుపు తెరతురు. "మేమందరము ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారము. ఎవరును మోయకయే పడవ మేడ యెక్కినట్లుండెడిది" అని చేయి మెల్లగ పైకెత్తి చూపిరి. ఏడాదిలో వారు ఒక్కసారిగ అన్ని మాటలు చెప్పుట అదియే మొదలు. చక్రమునకు గాలి పోవుట మా అదృష్టమనుకొంటిమి.

ఆత్రేయపురములో ఒక పెంకుటింటి వసారాలోనికి ఆహ్వానించిరి. పూతరేకును తినుటయే గాని పుట్టుట చూడని సోదరీమణులకొరకు చెప్పుచున్నాము. బియ్యము నానబోసి, వెన్నవలె రుబ్బి, నీళ్ళు కలిపి పాలవలె పలుచన చేయుదురు. నున్నని కుండను పొయ్యిపై బోర్లించి, క్రింద ఎండిన కొబ్బరియాకు మంట పెట్టుదురు. పలుచని గుడ్డను పిండినీళ్ళలో ముంచి, రెండు చేతులతో సాగదీసి, కాలిన కుండపై ఒక్క ఊపున పరచి తీయుదురు. కనురెప్ప వేసి తెరచునంతలో కుండపై తెల్లని పొర యేర్పడును. దానిని కొసపట్టి ఒలిచి ప్రక్కన పేర్చుదురు. పూతవలె పూసిన రేకు గనుక పూతరేకు. తరువాత తడిబట్టతో మెత్తబరచి, నేయి చిలికి, పంచదారపొడియో బెల్లపుపొడియో చల్లి మడచుదురు. 2023లో ఈ తీపికి ఆత్రేయపురము పేరిట భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు వెనుక ఉన్నవి పొయ్యి సెగకు కందిన ఆడువారి చేతులే.

మేమును ప్రయత్నించితిమి. వదిన వేసిన రేకు చిరిగి చేట జల్లెడయయ్యెను. మాది గుడ్డకే అంటుకొని వచ్చెను. పిల్లను పొయ్యిదరికి రానీయలేదు. చివరకు అత్తగారు కొంగు బిగించి కూర్చుండి, రెండవసారికే ఒక రేకు తీసిరి. అంచున కొంత చినిగినది గాని, ఎండకు పట్టి చూచిన అవతలి కొబ్బరిచెట్టు కనబడెను. "మామ్మగారి చేయి మంచిది" అని ఆ యింటి యిల్లాలు మెచ్చుకొనెను.

ఆమెకు నలుబది యేండ్లుండును. మాటలలో, భర్త పోయి ఆరేండ్లయినదనియు, ఈ పనితోనే యిద్దరు పిల్లలను చదివించుచున్నాననియు చెప్పెను. ఆమె జడలో కనకాంబరముల దండ యున్నది. అత్తగారి చూపు దానిపై నిలిచినది. ఆమెయు గమనించి, ఏమాత్రము నొచ్చుకొనక, "పూలు పెళ్ళితో వచ్చినవి కావు గదండీ మామ్మగారూ! అయిదేళ్ళప్పుడు మా అమ్మ పెట్టింది. అమ్మ పెట్టినవాటిని ఎందుకు తీసేయాలి?" అనెను. అని, మరల గుడ్డను పిండినీళ్ళలో ముంచుకొనెను. అత్తగారు బదులాడలేదు. నేతివాసన చూచి, బేరమాడకయే ఆమె చెప్పిన వెల యిప్పించిరి.

మధ్యాహ్నము ర్యాలి చేరితిమి. గుడి తలుపులు మూసియుండుటచేత సాయంకాలము తెరచువరకు అరుగుమీద నడుము వాల్చితిమి. ఇచటి జగన్మోహినీ కేశవస్వామి సుమారు అయిదడుగుల ఏకశిలావిగ్రహము. ముందునుండి చూచిన విష్ణువు. వెనుకకు పోయి చూచిన మోహిని. అర్చకులు దీపము పట్టి ముడిచిన కొప్పును, నడుముపై నగను వేరువేరుగ చూపుదురు. అమృతము పంచిన మోహిని వెంట శివుడు రాగా, ఆమె కొప్పునుండి ఒక పువ్వు ఇచట రాలినదనియు, అందుచే ఊరికి ర్యాలి యని పేరు వచ్చినదనియు స్థలపురాణము. ఎదుటనే శివాలయము. కొప్పునుండి రాలిన ఒక్క పువ్వు ఒక ఊరికి పేరయినదని వినినపుడు అత్తగారు చిన్నగ నవ్విరి.

రావులపాలెముమీదుగ తిరిగి వచ్చుచు, గౌతమి దాటి, ప్రొద్దు వాలువేళకు కడియపులంక చేరితిమి. ఇచట రోడ్డుకు ఇరువైపుల నర్సరీలే. కన్ను సాగినంతమేర కుండీలు, మళ్ళు, అంట్లు. నందివర్ధనము, పారిజాతము, సన్నజాజి, మందారము, వందరకముల ఆకుపచ్చ. తోటలో పనిచేయువారిలో ఎందరో స్త్రీలు. మొక్క మొదట మట్టిముద్ద గట్టి, ఆకు నలుగకుండ లారీల కెక్కించుచుండిరి. ఆ మొక్కలు దేశమున నలుమూలలకు పోవునట.

మేము తులసియు కరివేపయు బేరము చేయుచుండగా అత్తగారు కనబడలేదు. వెదకగా, గుండుమల్లె వరుసవద్ద వంగి, ఒక్కొక్క మొక్క మొదలు తట్టి చూచుచుండిరి. మేము దగ్గరకు పోయినంతనే, "పొడవుగ పెరిగినది కాదమ్మాయీ, మొదట గుబురుగ నున్నదానిని తీసికొనవలెను. పుష్యమాసమున కొమ్మ కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించిన చైత్రమునకు మొగ్గ విరుగబూయును. కుండీ అడుగున నీరు పోవుటకు రంధ్రముండవలెను. దీనికి నీడ పనికిరాదు, ఎండ కావలెను" అనిరి. ముప్పది యేండ్ల అనుభవము! సోదరీమణులు దీనిని వ్రాసికొనదగును. వెల తామే అడిగి, తామే బేరమాడి, తమ కొంగుముడి విప్పి డబ్బిచ్చిరి. దారిపొడవున ఆ కుండీ వారి ఒడిలోనే యుండెను. పిల్ల వారి భుజముమీద నిద్రపోయెను.

ఇంతచేసి మేము చూచినది ఇంటికి గడియల దూరమున నున్న సీమయే. హిమాలయములు గావు, సముద్రములు గావు. ఒక చక్రపు గాలి, ఒక చిరిగిన రేకు, ఒక మూసిన తలుపు, ఇవియే మా సాహసములు. అయినను, ఊరక చూచి వచ్చుటకు పోవుటయు ఒక కారణమే యని మాకు తోచినది. మీ యూరి దరిని ఏ యేరో, ఏ తోటయో యుండకపోదు.

మా పెరటిలో ఇప్పుడు ఎండ పడదు. ప్రక్కన మేడ లేచినది. ఎండ పడునది వీధిగుమ్మమువద్దనే. కుండీని అచటనే పెట్టవలసివచ్చెను. మరునాటి ఉదయము అత్తగారు చెంబుతో గుమ్మము దాటి వచ్చి నీళ్ళు పోయుచుండగా, ఎదురింటివారు సంచి తగిలించుకొని ప్రయాణమునకు బయలుదేరిరి. అత్తగారు వెనుకకు తగ్గబోయిరి. ఆయన ఆగి, "మల్లె పెట్టారా పిన్నిగారూ! మా యావిడకొక అంటు ఇవ్వండి" అని, దారిన సాగిపోయిరి.

వారము తిరుగకముందే మొదటి పూలు విరిసినవి. వారు వానిని తలలో పెట్టుకొనలేదు, దేవుని పటమునకును పెట్టలేదు. మంచినీళ్ళ కూజాలో వేసిరి. ఆనాడు మా యింట దాహము వేసినవారందరును వసంతమును త్రాగిరి.